ఒకే చీటీ మీద ఇద్దరు

మొన్న వేసవిలో పిన్నిని పరీక్షలకి తీసుకెళ్లాను. జబ్బేమీ లేదు. ఆవిడకి ఆరోగ్య బీమా తీసుకోవాలని నా పట్టుదల. ఆ వయసువాళ్లకి రక్తం దగ్గర్నుంచి గుండె దాకా అన్నీ చూపిస్తేగానీ పాలసీ ఇవ్వరట. "ఇన్నాళ్లూ లేని సోకు ఇప్పుడెందుకే" అని వారం రోజులు గింజుకుని, చివరికి నా పోరు పడలేక చీర మార్చుకుని బయల్దేరింది. ఏలూరులో ఇప్పుడు వీధికో ల్యాబు. చల్లటి గది, మెత్తటి కుర్చీలు, కౌంటర్లో నవ్వుతూ ఒక అమ్మాయి. "పేరు చెప్పండమ్మా" అని ఆ అమ్మాయి అడిగితే పిన్ని ఏమాత్రం తడుముకోకుండా "సత్యవతండి" అంది. పిన్ని పేరు నాగమణి. సత్యవతి మా అమ్మ పేరు. అమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది.

"కాదమ్మా, నాగమణి అని రాసుకోండి" అన్నాను. ఆ అమ్మాయి మా ఇద్దరి మొహాలూ చూసి, రాసింది కొట్టేసి మళ్లీ రాసుకుంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అలవాటులో వచ్చేసిందే" అంది. విన్నవాళ్లు అక్క మీద బెంగ అనుకుంటారు. బెంగ ఉంది, కాదనను. కానీ పిన్ని తన జన్మలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లినన్నాళ్లూ ఆ పేరుతోనే వెళ్లింది. అమ్మ పోయాక ఇక ఏ డాక్టరు గడపా తొక్కలేదు. ఆ సంగతి ఇప్పుడు బతికున్నవాళ్లలో మా ఇద్దరికే తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్లుగా ఒకరి చేతి వంట ఒకరం తింటూ, ఒకరి తల ఒకరం దువ్వుకుంటూ, దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. అమ్మ చివరిసారి డాక్టరు గదిలోకి వెళ్లినప్పుడు పక్కన ఉన్నది నేను. లోపల ఏం జరిగిందని పిన్ని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు రాయబోతే ఏది ముందో ఏది వెనకో సరిగ్గా కుదరడం లేదు. గుర్తున్నవి గుర్తున్నట్టే రాస్తాను.

అప్పట్లో మేము పవర్‌పేట స్టేషను వెనక వీధిలో అద్దెకుండేవాళ్లం. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో కుళాయి. నాన్న తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల వ్యాపారి దగ్గర గుమాస్తా. పొద్దున్నే పాసింజరు ఎక్కి, దెందులూరు, భీమడోలు, పూళ్ల, కైకరం అన్నీ ఆగుతూ వెళ్లి, సాయంత్రం మళ్లీ అవన్నీ ఆగుతూ వచ్చేవాడు. ఆయన వీధి మలుపు తిరగకముందే ఉల్లిపాయల వాసన ఇంట్లోకి వచ్చేది. చొక్కా వరండా మేకుకి తగిలించి, చేతులూ కాళ్లూ కడుక్కుంటేగానీ అమ్మ గడప దాటనిచ్చేది కాదు. నాన్న చొక్కాలకి వేరే బకెట్టు ఉండేది. "కూరలోకి ఉల్లిపాయ తరగక్కర్లేదే, మీ నాన్న చొక్కా ఓసారి ముంచి తీస్తే చాలు" అనేది అమ్మ. నాన్న నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. సీజను టికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటం కింద భద్రం చేసి, అప్పుడు మంచినీళ్లు అడిగేవాడు. ఇప్పటికీ మార్కెట్లో ఉల్లి బస్తాల పక్కనుంచి నడిస్తే నాకు నాన్న ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

పిన్ని మా ఇంట్లోనే ఉండేది. బాబాయి గణపవరం అవతల, కొల్లేటి వైపు, ఎవరివో చేపల చెరువుల మీద కాపలా. గట్టు మీద తాటాకు పాకలో మకాం. పెళ్లయిన కొత్తలో పిన్ని కూడా అక్కడే ఉంది. ఆ నీళ్లు పడలేదు, రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి అమ్మ బస్సెక్కి వెళ్లి, "కాస్త ఒళ్లు చేసేదాకా నా దగ్గరుంటుందయ్యా" అని బాబాయితో చెప్పి తీసుకొచ్చేసింది. ఒళ్లు చేయనూ లేదు, తిరిగి వెళ్లనూ లేదు. బాబాయే ఆదివారాలు వచ్చేవాడు, తడి గోనెసంచిలో శీలావతో బొచ్చో చుట్టుకుని. అక్కాచెల్లెళ్లిద్దరూ పెరట్లో కత్తిపీటలు ఎదురెదురుగా వేసుకుని, బూడిద రాసి చేపలు తోముతూ మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఇద్దరికీ రెండేళ్లే తేడా. ఒకే కోల మొహం, ఒకే ముక్కు. అమ్మ కాస్త ఒళ్లున్న మనిషి, పిన్ని బక్కపలచన. కూరలబ్బాయికి ఎప్పుడూ ఇద్దరూ కలగాపులగమే. అమ్మకిచ్చిన చిల్లర పిన్నికి మళ్లీ ఇచ్చేవాడు. పిన్ని తీసేసుకుని, తర్వాత తిరిగిచ్చి ఏడిపించేది.

మా ఇంట్లో జబ్బుకి ఒక వరస ఉండేది. మొదటి రోజు లంఖణం. రెండో రోజు శొంఠి కషాయం. మూడో రోజు మందుల షాపాయనకి చెప్పి రెండు బిళ్లలు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు. వాడగా మిగిలిన బిళ్లలన్నీ అమ్మ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో దాచేది. పేర్లు ఆవిడకి తెలియవు, రంగులు తెలుసు. తెల్లవి జ్వరానికి, గులాబీవి ఒళ్లునొప్పులకి, సగం ఎరుపు సగం నలుపు గొట్టాలు గొంతుకి. పక్కింటివాళ్లు కూడా వచ్చి అడిగి తీసుకెళ్లేవాళ్లు. పిసినారితనం అనుకునేరు, కాదు. నాకు కొత్త పుస్తకాలకీ పండక్కి చీరలకీ ఎవరూ వెనకాడలేదు. వెనకాడింది డాక్టరు ఫీజుకే. ఒంట్లో బాగోకపోవడమనేది చేతులారా చేసుకున్న దుబారా అన్నట్టు ఉండేది మాకు.

ఆ రోజుల్లోనే నాన్నతో రైల్లో వచ్చే ఒకాయన ఆరోగ్య బీమా ఏజెంటుగా చేరి, నాన్నకి ఒక దరఖాస్తు అంటగట్టాడు. ఆదివారం అన్నాలయ్యాక నాన్న దాన్ని చాప మీద పరిచి చదివాడు.

"ఏడాదికోసారి కట్టాలంట. ఆసుపత్రిలో చేరితే ఖర్చంతా వాళ్లే పెట్టుకుంటారంట" అన్నాడు.

"చేరకపోతేనండి?" అంది అమ్మ.

"చేరకపోతే అంతే. కట్టింది పోయినట్టే."

"అదేంటండీ చోద్యం! జీవిత బీమా అయితే బతికున్నా ఇస్తారు, పోయినా ఇస్తారు. ఇదేమో మంచాన పడితేనేనా? బాగున్నందుకు జరిమానా లాగుందండి."

"అయితే కట్టేద్దాం అక్కా" అంది పిన్ని. "ఏడాదికోసారి వంతులేసుకుని మంచమెక్కుదాం. ఓ ఏడు నువ్వు, ఓ ఏడు నేను. బావగారి డబ్బులు ఎందుకు పోవాలి?"

అందరం పడీ పడీ నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే పెన్ను తీసి నింపడం మొదలెట్టాడు. తన పేరు, అమ్మ పేరు, నా పేరు, వయసులు. పిన్ని పేరు దగ్గర ఆగాడు. భార్యా పిల్లలకే తప్ప ఇంట్లో ఉన్న మరదలికి అందులో చోటు లేదు. "మణి లేకుండా మనకి మాత్రం ఎందుకండి" అంది అమ్మ. మాట అదే గానీ, అసలు సంగతి ఆ కట్టాల్సింది నాన్న నెల జీతానికి అటూ ఇటూగా ఉండటం. నన్ను ఇంటర్మీడియట్‌లో చేర్చిన ఏడాది అది. ఈ ఏడు చదువు, వచ్చే ఏడు బీమా అనుకున్నారు. సంతకం ఒక్కటే తక్కువైన ఆ దరఖాస్తు బీరువా అరలో పేపరు కింద ఉండిపోయింది. మరుసటి ఏడు ఏజెంటు మళ్లీ గుర్తు చేశాడు, నాన్న మళ్లీ వచ్చే ఏడన్నాడు. గవర్నమెంటు ఉద్యోగులకైతే వైద్యం ఖర్చు ఆఫీసు ఇచ్చేది. మేం అదీ కాదు. పెద్దాసుపత్రికి వెళ్లొచ్చు, కుట్లకీ కట్లకీ వెళ్లేవాళ్లం కూడా. కానీ గంటలు గంటలు నిలబడటానికి నాన్నకి సెలవు దొరకదు, ఒక్కత్తీ వెళ్లడానికి అమ్మకి మొహమాటం. ఇప్పుడు రాస్తుంటే ఇవన్నీ సాకుల్లా కనిపిస్తున్నాయి. అప్పుడు కారణాల్లాగే ఉండేవి.

అమ్మకి మెడ వెనక లాగడం, తలతిరుగుడు మొదలై మూడు రోజుల వరసా దాటాక, ఆర్.ఆర్.పేటలో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాడు నాన్న. బీపీ ఉందన్నారు. మంచాయన. గొంతు పెంచకుండా మాట్లాడేవారు, అవసరం లేని మందు రాసేవారు కాదు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఒకసారి ఫీజు కట్టి చీటీ తీసుకుంటే పది రోజుల్లోపు మళ్లీ ఎన్నిసార్లొచ్చినా ఫీజు లేదు. మా ఊళ్లో చాలామంది డాక్టర్లకి ఉన్న పద్ధతే. చీటీ, మందుల కాగితాలు, పరీక్షల రిపోర్టులు అన్నీ నీలం రంగు ఫైల్లో పెట్టి మన చేతికే ఇచ్చేవారు. వెళ్లినప్పుడల్లా అది పట్టుకెళ్లాలి.

అమ్మ చూపించుకున్న తొమ్మిదో రోజున పిన్నికి గుండె దడ వచ్చింది. అదివరకూ వస్తూనే ఉండేది, ఆ రోజు మెట్ల మీద కూలబడింది. నాన్న తాడేపల్లిగూడెంలో ఉన్నాడు. అమ్మ చేతులు తుడుచుకుని, గోడ మీది క్యాలెండరు చూసి, "నా చీటీ ఇంకా ఒక్క రోజు చెల్లుతుందే. నువ్వెళ్లు" అంది.

"నీ చీటీ మీద నేనెలా వెళ్తానక్కా?"

"సత్యవతీ అని పిలిస్తే లేచి వెళ్లు. ఆయన రోజుకి వందమందిని చూస్తారు, మొహాలు గుర్తుంటాయా? చీర గుర్తుంటే ఉండొచ్చు. నా చిలకాకుపచ్చది కట్టుకో."

పిన్నికి ఆ చీర కట్టడం నాకు బాగా గుర్తు. కుచ్చిళ్లు ఎన్ని పెట్టినా ఇంకా చీర మిగిలేది. అమ్మ ముందు కూర్చుని పాఠం చెప్పింది: మెడ నొప్పి తగ్గిందా అని అడుగుతారు, తగ్గిందండి అను. తలతిరుగుడు లేదను. తర్వాత, ఇప్పుడు కొత్తగా దడ వస్తోందండీ అని నీది చెప్పు. పిన్ని రెండుసార్లు అప్పజెప్పి, మూడోసారి నవ్వాపుకోలేక గోడకి జారగిలబడింది. నేనూ నవ్వాను. దొంగతనం చేస్తున్నామని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. డబ్బు కట్టేశాం, రోజు మిగిలింది, వాడుకుంటున్నాం, అంతే. నాన్నకి మాత్రం చెప్పొద్దంది అమ్మ. ఆయనకి ఇలాంటివి గిట్టవు.

వెళ్లొచ్చింది పిన్ని. డాక్టరుగారు ఈసీజీ తీయించారట. దానికి మాత్రం డబ్బు కట్టాల్సొచ్చింది, బాబాయి ఇచ్చిపోయిన డబ్బు కట్టింది. గుండె బ్రహ్మాండంగా ఉంది, రక్తం తక్కువ, దానికే దడ అన్నారు. ఇనుము బిళ్లలు రాశారు. నెల తిరక్కుండా పిన్ని మొహంలోకి కళ వచ్చింది. ఆ గీతల కాగితం మీద అమ్మ పేరు, అమ్మ వయసు. నీలం ఫైల్లో అమ్మ బీపీ కాగితం వెనకే దాన్ని గుచ్చారు.

అలా అలవాటైంది. ఐదారు నెలలు నడిచింది. ఒక చీటీ తీసుకుంటే మొదటి రోజు అమ్మ, పదో రోజు లోపు పిన్ని. లేకపోతే ముందు పిన్ని, తర్వాత అమ్మ. డాక్టరుగారు తికమకపడుతున్నారని ఇద్దరూ ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. "మీ బీపీ నాకు అంతుపట్టడం లేదమ్మా. ఓ వారం కొండెక్కి కూర్చుంటుంది, ఓ వారం నేల మీదుంటుంది" అన్నారట ఒకసారి పిన్నితో. బరువు చూసి, "అంత తగ్గారేంటమ్మా, అన్నం తింటున్నారా?" అన్నారట. తింటున్నానండి, చేపల పులుసు తింటున్నానండి అందట పిన్ని. ఇది మేం ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వామో లెక్కలేదు. నవ్వని సంగతి ఒకటుంది. బీపీ మరీ పడిపోతోందని చెప్పి ఆయన అమ్మ బిళ్లని సగం చేశారు. పిన్ని బీపీ చూసి. "సగం మందు మిగులుతోంది, మంచిదేగా" అంది అమ్మ. నేను ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. గుండెకి ఎన్ని గదులో, ఏ గదిలోంచి ఏ గదిలోకి రక్తం వెళ్తుందో బొమ్మ గీసి భాగాలు గుర్తించినదాన్ని. నాకూ ఏమీ అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు ఏ వారమో తెలియదు. నాకు కాలేజీ లేదు, అంతవరకే. పొద్దున్నే అమ్మ, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉందంది. చెమటలు పోశాయి. వాము నమిలింది, సోడా తెప్పించుకుని తాగింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. లంఖణమూ కషాయమూ ఏవీ లేకుండా అమ్మ తనంతట తానే "డాక్టరు దగ్గరికెళ్దాం పద" అనడం అదే మొదటిసారి. నేను భయపడాల్సింది అక్కడ. పిన్ని ఇల్లు చూసుకుంటానంది. చీటీ ఇంకా చెల్లుతుంది, అప్పటికి నాలుగు రోజుల ముందు పిన్ని కట్టిన ఫీజు.

లోపల డాక్టరుగారు అమ్మని బల్ల పక్క స్టూలు మీద కూర్చోబెట్టి బీపీ పట్టీ చుట్టారు. నేను అమ్మకి అవతలి పక్కన నిలబడ్డాను. బీపీ చూసి, "ఈ వారం కొండెక్కింది" అని నవ్వారు. స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఫైలు తిరగేశారు. ఈసీజీ దగ్గర ఆగారు.

"ఈ మధ్యనే కదమ్మా తీశాం, చక్కగా ఉంది. అప్పుడూ ఇలాగే అన్నారు. ఇది అప్పటి నొప్పి లాంటిదేనా?"

"అలాంటిదేనండి" అంది అమ్మ. పిన్ని నొప్పి ఎలాంటిదో అమ్మకేం తెలుసు?

"మళ్లీ తీద్దామంటే తీద్దాం. కానీ ఊరికే మీకు ఖర్చు. గ్యాసుకి మందు రాస్తాను, రెండు రోజులు చూడండి. తగ్గకపోతే వెంటనే రండి. ఏమంటారు?"

మా స్థితి ఆయనకి తెలుసు. మా మీద దయతోనే అడిగారు. ఆ గీతలు అమ్మవి కావని ఆ గదిలో తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను నోరు తెరిచాను. "అది మా..." దాకా వచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మామూలుగా కాదు, మణికట్టు దగ్గర గట్టిగా, గోళ్లు దిగేలా. చెప్పొద్దంటోందని అర్థమైంది. చెప్తే పిన్ని సంగతి బయటపడుతుంది, మళ్లీ ఆవిడకి మందులుండవు, ఆయన మన గురించి ఏమనుకుంటారో, ఈసీజీకి ఇప్పుడు డబ్బెక్కడిది, ఇవన్నీ ఆ పట్టులో ఉన్నాయనిపించింది. నోరు మూసుకున్నాను. ఆయన గ్యాసు బిళ్లలు రాశారు. ఇంటికొచ్చాక పిన్ని "ఏమన్నారే" అంటే అమ్మ "గ్యాసేనంట" అంది.

మూడో రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక పెరట్లో గిన్నెలు తోముతూ కుళాయి పక్కకి ఒరిగిపోయింది. పిన్ని అరుపుకి నేను వెళ్లేసరికి కుళాయి ఇంకా పారుతూనే ఉంది. ఆటో వచ్చేలోపే అయిపోయింది. నాన్న సాయంత్రం పాసింజరులో మామూలు వేళకే వచ్చాడు. ఆయనకి కబురందలేదు. వీధి మలుపులో జనాన్ని చూసి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు.

బాబాయి వచ్చాక పెద్ద గొడవైంది. "మూడు రోజుల కిందట చూసి గ్యాసన్నాడా? వాడి సంగతి తేలుస్తాను" అని మనుషుల్ని వేసుకుని ఆర్.ఆర్.పేట బయల్దేరాడు. పిన్ని వెళ్లి ఆయన కాళ్లకి అడ్డం పడిపోయింది. "మీకు దణ్ణం పెడతాను, వెళ్లొద్దండి, ఆయన తప్పేం లేదండి" అని. అక్క శవం పక్కనుండగా డాక్టరుని వెనకేసుకొస్తోందేమిటని అందరూ వింతగా చూశారు. నాన్న మాత్రం, "వదిలేయండి, దాని రాత" అన్నాడు. నాన్నకి చివరిదాకా ఏమీ తెలియదు. దినాలయ్యాక నీలం ఫైలు ఎక్కడా కనబడలేదు. పిన్నే తీసి ఉంటుంది. నేను అడగలేదు.

పిన్ని అప్పటి నుంచి మాతోనే. నా డిగ్రీ, నా పెళ్లి, నా పురుళ్లు అన్నీ ఆవిడ చేతుల మీదే. కొన్నేళ్లకి తెల్ల రేషను కార్డు మీద పెద్ద ఆపరేషన్లు కూడా ఉచితంగా చేసే రోజులొచ్చాయి. పేపర్లో ఆ వార్త చదివిన రోజు నాన్న అన్నం తినలేదు. ఇప్పుడు నా సంచీలో ఉద్యోగం ఇచ్చిన వైద్యం కార్డుంది. పిల్లాడికి కడుపు నొప్పంటే ఎంతవుతుందని అడగం, ఎక్కడికెళ్దామనే అడుగుతాం. మొదట్లో ఆ కార్డు దరఖాస్తులో తల్లిదండ్రుల గడులు ఖాళీగా వదిలేస్తే, ఆఫీసులో కుర్రాడు "మీ పిన్నిగారిని అమ్మ అని రాసేయండి మేడమ్, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. మంచికే అన్నాడు. అక్కణ్ణుంచి లేచి వచ్చేశాను. తప్పెవరిదని ఒక్కోరోజు ఒక్కోలా అనిపిస్తుంది. చీటీ ఇచ్చిన అమ్మదా, వెళ్లిన పిన్నిదా, సంతకం పెట్టని నాన్నదా, నా చదువుదా, దయ తలచిన డాక్టరుదా? సగం బిళ్ల వల్లా, తీయని ఈసీజీ వల్లా, ఏదీ కాకుండా అలాగే పోయేదా? అడగడానికి ఎవరూ లేరు. ఎక్కువ రోజులు తప్పు నాదే అనిపిస్తుంది.

ల్యాబులో రక్తం తీయడం అయ్యాక ఈసీజీ గది బయట బల్ల మీద కూర్చున్నాం. తెల్లకోటు కుర్రాడు ఫారం పట్టుకుని వచ్చి, "ఇదివరకు ఈసీజీ ఎప్పుడైనా తీయించుకున్నారా అండి?" అన్నాడు. పిన్ని నా వైపు చూసింది. తర్వాత, "ఒకసారి తీశారు బాబూ. మా అక్క పేరు మీద" అంది. అతనికి అర్థం కాలేదు. లేదని రాసుకుని వెళ్లిపోయాడు.

"సుజా" అంది పిన్ని, గోడ వైపు చూస్తూ. "ఆ రోజు మీ అమ్మకి ఈసీజీ తీశారా, లేదా? ఇన్నేళ్లూ అడగడానికి నోరు రాలేదే నాకు."

తీశారని చెప్పొచ్చు. ఆవిడ మిగిలిన రోజులు సుఖంగా వెళ్లిపోతాయి. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ చెప్పాను. తీయలేదు పిన్నీ, నీది చూసి బాగుందనుకున్నారు, నేను చెప్పబోయాను, అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది, నేను ఆగిపోయాను.

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన అరచేతులు చూసుకుంది.

"ఏ చేత్తో పట్టుకుందే?" అంది.

ఎప్పుడూ ఆలోచించలేదు. కళ్లు మూసుకుని ఆ గదిలోకి వెళ్లాను. బల్ల, స్టూలు, డాక్టరుగారి వైపు కుడి చేయి, దానికి బీపీ పట్టీ. నేను అవతలి పక్కన. "ఎడం చెయ్యి పిన్నీ" అన్నాను.

"పొద్దుట్నించీ ఆ చెయ్యి లాగేస్తోంది మణీ, పైకి లేవట్లేదు అందే నాతో. ఆ రోజు జడ నేనే వేశాను" అంది పిన్ని. తర్వాత చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా అంది. "అయితే, చెప్పొద్దని కాదేమోనే."

ఇరవై ఏళ్లుగా ఆ పట్టుకి నేను అర్థాలు చెప్పుకుంటూ వచ్చాను, పిన్ని కోసమని, పరువు కోసమని, డబ్బు కోసమని. అమ్మ అసలు ఏమీ చెప్పి ఉండకపోవచ్చు. నొప్పి వచ్చి ఉంటుంది. పక్కన ఉన్నది నేను కాబట్టి నన్ను పట్టుకుంది.